వంతెనలో బావ సగం

మాట్‌లీ, రాయిస్ నది పడమటి గట్టు
1847 అక్టోబరు 24, ఆదివారం

అక్క వెరేనాకు,

పొద్దున మంచు, మధ్యాహ్నం పలుచని ఎండ. నిన్న వంతెన కప్పు మీద నా సగంలో నలభై ఒక్క కొయ్య పెంకులు మార్చాను. నీ భర్త సగంలో పదహారు మార్చవలసి ఉన్నాయి. కప్పు మీద కూర్చొని లెక్కపెట్టాను. ఇది ఫిర్యాదు కాదు, లెక్క.

ఈ సంగతి బావకు నేరుగా చెప్పేవాణ్ణే. కాని బాల్ట్స్ బావా నేనూ మాట్లాడుకొని మూడేళ్ళ రెండు నెలలయింది. వంతెన నడుమ రెండు కప్పులూ కలిసే చోట కారే నీళ్ళు ఎవరి పెంకుల్లోంచి వస్తున్నాయో ఇంకా తేలలేదు. నా వైపు నుంచి కాదు.

నాన్న ఈ వంతెన కట్టేటప్పుడు పడమటి సగం మా ఆర్గావ్ సీమది, తూర్పు సగం మీ త్సూగ్ సీమది అని పెద్దలు రాసుకున్నారు. ఇటు నేను చూస్తున్నాను. అటు నీ పెళ్ళయిన నాటి నుంచి బావ చూస్తున్నాడు, చూస్తున్నాడని అనుకుందాం. పునీత మార్టిన్ పండుగకు ఇంక పద్దెనిమిది రోజులున్నాయి. ఎప్పటిలాగే నడిమి స్తంభం దగ్గర ఒకరి సగం ఒకరు పరీక్షించుకొని, నేను చీజు చక్రం ఇస్తాను, అతను చెర్రీ సారా సీసా ఇస్తాడు. మాటలు అక్కరలేదు. మూడేళ్ళుగా అలాగే జరిగిపోతోంది.

ఇక్కడ కవాతులు మొదలయ్యాయి. మిల్లు యజమాని హిలార్ మాకు కెప్టెన్. నన్ను వడ్రంగుల జట్టుకు కార్పొరల్‌ను చేశారు. ప్రతివాడూ ఎడమ చేతికి ఎర్ర పట్టీ, దాని మీద తెల్ల సిలువ వేసుకోవాలట. ఊళ్ళో ఎర్ర గుడ్డ అయిపోయింది. నీ దగ్గర పాత ఎర్ర పావడా ఒకటి ఉండాలి.

నీ తమ్ముడు,
లియోంట్స్


ఎర్లెన్, తూర్పు గట్టు
అక్టోబరు 27

ఒరేయ్ లియోంట్స్,

దేశం రెండుగా చీలుతోందని ఊరంతా గుండెలు బాదుకుంటుంటే నువ్వు పెంకుల లెక్క రాస్తావా! చదివి వినిపిస్తే మీ బావ ఏమన్నాడో తెలుసా? "పదహారు కాదు, పద్నాలుగు. వాడికి లెక్కలూ రావు" అన్నాడు. అని వెళ్ళి కప్పెక్కి చూసి వచ్చాడు. వచ్చాక ఇంకేం మాట్లాడలేదు. అంటే పదహారే అన్నమాట.

పట్టీ కుట్టి పంపుతున్నాను. అది నా పెళ్ళినాటి పావడా, జాగ్రత్త. కుట్టింది శత్రువని ఎవరికీ చెప్పకు. నేను శత్రువునట, మొన్న సంతలో మా కెప్టెన్ చెప్పాడు. నదికి అటున్న వాళ్ళంతా మనకు శత్రువులేనట. "అటు నా తమ్ముడున్నాడండీ" అన్నాను. "అయితే మీ తమ్ముడు కూడానమ్మా" అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా.

అసలీ గొడవ ఎలా మొదలైందో ఒక్కడైనా సరిగా చెప్పడు. నేను చెబుతాను విను. మొదట మీ ఆర్గావ్ పెద్దలు మఠాలు మూసేశారు. ఆ ఉడుకుతో మా వైపున్న లూత్సెర్న్ సీమ వాళ్ళు యేసుసభ గురువులను పిలిచి బడులు అప్పగించారు. ఆ గురువులను తరుముతామని మీ కుర్రాళ్ళు తుపాకులు పట్టుకొని బయల్దేరి, తన్నులు తిని తిరిగొచ్చారు. దాంతో మా వాళ్ళు భయపడి ఏడు సీమలు ఒక జట్టు కట్టాయి. జట్టు విప్పమని మీ సీమల సభ, విప్పేది లేదని మా వాళ్ళు. ఇది నీకూ బావకూ ఉన్న తగాదా కాక మరేమిటి? అందరి నెత్తినా నీళ్ళు కారుతున్నాయి, ఎవడి పెంకో తేలలేదు. నువ్వూ నేనూ ఒకే పూజకు మోకరిల్లేవాళ్ళం. మతం కోసం యుద్ధమంటే నాకు నవ్వొస్తోంది. ఏడుపు కూడా వస్తోందనుకో.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఇది సైనిక రహస్యం, ఊళ్ళో అందరికీ తెలుసు. "మందుగుండు తెలిసినవాడెవడు?" అని మా కెప్టెన్ అడిగితే మీ బావ చెయ్యెత్తాడు. ఏటా సత్ప్రసాద పండుగ ఊరేగింపులో ఫిరంగి పేల్చేది ఆయనేగా! పేల్చి నాలుగేళ్ళ కిందట రెండు కనుబొమలూ పోగొట్టుకున్నదీ ఆయనే. ఎడమది ఇప్పటికీ సరిగా మొలవలేదు. యుద్ధం మొదలైతే వంతెనలో మన సగం పేల్చేయాలట. నడిమి స్తంభం కింద మూడు పీపాల మందు. వత్తి వెలిగించేది మీ బావ.

తమ్ముడూ, ఆ మనిషి మూడు పీపాల దగ్గర నిప్పు పట్టుకొని నిలబడితే నేను విధవనవుతాను. నాన్న కట్టిన వంతెన, దాని నరనరమూ నీకు తెలుసు. పేల్చకుండా దాన్ని ఎలా తీయాలో రాసి పంపు.

బేరిపండ్ల రొట్టె పంపుతున్నాను. నడిమి స్తంభం దగ్గర మా కావలివాడు మీ కావలివాడికి అందిస్తాడు. ఎంత మిగిలితే అంతే నీది.

అక్క వెరేనా


మాట్‌లీ
నవంబరు 2, మంగళవారం

అక్కా,

తెల్లవారి గడ్డ మంచు, తరువాత తేమ. ఉదయం చనిపోయినవాళ్ళ పూజకు వెళ్ళి నాన్న సమాధి శుభ్రం చేశాను. రొట్టె మూడో వంతు చేరింది. పట్టీ సరిపోయింది.

మూడు పీపాలు ఎవరి ఆలోచన? నడిమి స్తంభం కింద పేలిస్తే నా సగం కూడా పోతుంది. బావ కూడా పోతాడు. రెండూ అనవసరం.

చేయవలసినది ఇది. ముందు పెంకులు దించాలి. తరువాత నేల పలకలు, అడ్డ దూలాలు. అన్నీ నడిమి స్తంభం దగ్గర మొదలుపెట్టి గట్టు వైపు వెనక్కు వస్తూ తీయాలి. తూర్పు సగంలో అరవై నాలుగు ఓకు కొయ్య చీలలున్నాయి. ప్రతి దూలం మీద నాన్న చెక్కిన గుర్తు ఉంది, అదే గుర్తు దాని చీల తల మీద ఉంటుంది. చీలను సన్నగా ఉన్న కొస నుంచి కొయ్య సుత్తితో కొడితే వచ్చేస్తుంది. ఇనుప సుత్తి వాడకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది. విల్లులా వంచి బిగించిన పెద్ద విల్లు దూలాలు రెండూ చివరికి మిగులుతాయి. వాటి కింది చీల ముట్టుకునే ముందు దూలాన్ని గట్టు మీది గిరకకు తాడుతో కట్టి, తాడు బిగించాలి. బిగించకుండా చీల తీస్తే దూలం గుర్రంలా తన్నుతుంది. దాని మీద ఉన్న మనిషి బతకడు.

దూలాలను కొట్టంలో నేలకు తగలకుండా, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి.

ఇది మా సైన్యాన్ని ఆపడానికి నేనే ఇస్తున్న సలహా అని రాసిన తరువాత తోచింది. అయినా పని తప్పుగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేను.

లియోంట్స్


ఎర్లెన్
నవంబరు 6

లియోంట్స్,

యుద్ధం మొదలైపోయిందిరా. గురువారం మీ సభ తీర్మానం చేసిందని నిన్న దండోరా వేశారు. మా వాళ్ళ వ్యూహం కూడా తెలిసింది. నది వెనక కూర్చుంటారట, వంతెనలన్నీ తెంచేస్తారట, ఆస్ట్రియా చక్రవర్తి వచ్చి కాపాడేదాకా కదలరట. "ఆయన రాకపోతేనో?" అని అడిగాను. "వస్తాడమ్మా, ఉత్తరం రాశాం" అన్నాడు కెప్టెన్. నేనూ నీకు ఉత్తరాలు రాస్తున్నాను, నువ్వు వచ్చావా?

నీ సలహా మీ బావకు చదివి వినిపించాను. ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"ఎవడు చెప్పాడు?"

"లియోంట్స్."

"అయితే చచ్చినా చేయను."

"మొత్తం వినండి ముందు..."

"వినేదేముందే? వాడు ఆర్గావ్ కార్పొరల్. దూలాలు భద్రంగా పేర్చమంటున్నాడా? ఎందుకు, రేపు వాడి సైన్యం వచ్చి మళ్ళీ బిగించుకోడానికా? చీలలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చోమంటున్నాడా? ఎందుకు, ఆ లోపల వాళ్ళు వచ్చి నా పీక పట్టుకోడానికా? వాడు ఎడమ అంటే నేను కుడి. మందే పెడతాను!"

పీపాలు వచ్చేశాయి. మన పందుల కొట్టంలో పెట్టారు. పందులను తీసి వంటింటి పక్కన కట్టాను. మీ బావ పొద్దున్నే పైపు నోట్లో పెట్టుకొని పీపాలు చూడ్డానికి వెళుతున్నాడు. నేను వెనకే వెళ్ళి నోట్లోంచి పైపు లాగేసుకుంటున్నాను. మా మిలిటరీ ప్రస్తుతం ఇదే.

పేల్చడానికి పన్నెండో తేదీ పెట్టారు. పదకొండున మార్టిన్ పండుగ కదా, పండుగ నాడు వద్దని గురువుగారు అన్నారు. నీకున్నది ఆరు రోజులు. ఏదో ఒకటి చెయ్యి.

వెరేనా


మాట్‌లీ
నవంబరు 8, సోమవారం

అక్క వెరేనాకు,

వర్షం. పడవల తెడ్లు చెక్కాను, పన్నెండు.

నా గత లేఖలోని సలహా రద్దు చేస్తున్నాను. బాగా ఆలోచిస్తే మందుగుండే సరైనదని తేలింది. బావను మూడు పీపాలూ వాడమను. చీలలు మాత్రం తీయనీయవద్దు. అవి నాన్న చేతితో చెక్కినవి. వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసి పేర్చితే నాకు చాలా బాధగా ఉంటుంది. అంతకంటే అవమానం నాకు మరొకటి లేదు. ముఖ్యంగా విల్లు దూలాలను తాడుతో కట్టి దించడం బావకు చేతకాదు కనుక ఆ ప్రయత్నమే వద్దని చెప్పు.

లియోంట్స్


ఎర్లెన్
నవంబరు 10

లియోంట్స్ గారికి,

ఇక మీదట మీరు నాకు తమ్ముడు కారు. నన్ను విధవను కానీయవద్దని బతిమాలితే మూడు పీపాలూ వాడమని రాశారు. బాధ చీలల గురించి! అక్క మొగుడు గాలిలో ఎగిరితే బాధ లేదు, చీల ఊడితే బాధ! అమ్మ బతికుంటే మీ చెవి పట్టుకొని నదిలో ముంచేది.

కోపంతో ఆ ఉత్తరం మీ బావ ముందే చదివాను. ఆయన ముందు నోరెళ్ళబెట్టాడు. తరువాత బల్ల చరిచి నవ్వాడు. "చూశావుటే? వాడి ప్రాణం చీలల్లో ఉంది! నాకు తాడు కట్టడం చేతకాదా? ఒక్కొక్కటే ఊడదీస్తాను. అరవై నాలుగూ ఊడదీసి వాడికి కనపడేలా గట్టు మీద వరసగా పేరుస్తాను. వాడు అటు నిలబడి ఏడవాలి!" అని ఇప్పుడే కొయ్య సుత్తి వెతుక్కోడానికి వెళ్ళాడు. పీపాలు వెనక్కు తీసుకుపొమ్మని కెప్టెన్‌కు చెప్పి

ఆగు.

ఒరేయ్.

ఒరేయ్ దొంగ వెధవా! నువ్వు అబద్ధం రాశావా? ఒకసారి పాలు పొంగబెట్టి, అమ్మ అడగకుండానే వెళ్ళి ఎన్ని చుక్కలు పోయాయో చెప్పినవాడివి, నువ్వు?

మొదటి పేరా కొట్టేశాననుకో. రొట్టె రెండు పంపుతున్నాను. ఒకటి కావలివాళ్ళ కోసమని పైన రాశాను, అప్పుడైనా రెండోది నీకు చేరుతుందేమో.

నీ అక్క, నీ ఒక్కగానొక్క అక్క


మాట్‌లీ, కెప్టెన్ గారి చీజు కొట్టు
నవంబరు 11, పునీత మార్టిన్ పండుగ

అక్కా,

మంచు ఉందని విన్నాను. కొట్టుకు ఒకే ఒక గాలి కంత, నది వైపు. ముప్పై ఎనిమిది చీజు చక్రాలు తుడిచి తిప్పి పెట్టాను.

నిన్నటి నుంచి బందీగా ఉన్నాను. ఎనిమిదో తేదీ లేఖను వంతెన మీద కెప్టెన్ హిలార్ కూడా చదివారట. నాకు ఆలస్యంగా తెలిసింది. "వంతెనను పేల్చేయమని శత్రువుకు చేతి రాతతో సలహా ఇచ్చావా కార్పొరల్?" అని అడిగారు. అది అబద్ధమని చెప్పాను. "అయితే నిజమేమిటి?" అన్నారు. పేల్చకుండా ఊడదీయమనడం నిజమని చెప్పాను. అది విన్నాక ఇంకా కోపం వచ్చింది. ఏ నేరం కింద రాయాలో తేలక, తేలేదాకా ఇక్కడ ఉండమన్నారు.

ఈ ఏడు చీజు, సారా ఇచ్చిపుచ్చుకోవడం జరగలేదు. నాన్న కాలం నుంచి ఇదే మొదటిసారి. బావ నడిమి స్తంభం దగ్గరికి సీసాతో వచ్చాడా? ఊరికే అడుగుతున్నాను.

లియోంట్స్

చదివాను. పంపడానికి అభ్యంతరం లేదు. రొట్టె బాగుంది. — కెప్టెన్ హిలార్


ఎర్లెన్
నవంబరు 13

ఒరేయ్ బందీ,

వచ్చాడు. సీసా కోటు కింద పెట్టుకొని పండుగ నాడు నడిమి స్తంభం దగ్గర గంటసేపు నిలబడ్డాడు. "వాడు రాలేదేమే?" అన్నాడు ఇంటికొచ్చి. అప్పటికి నీ ఉత్తరం రాలేదు కదా, ఏం చెప్పను? "అలిగాడు వెధవ" అని ఆయనే తేల్చుకొని పడుకున్నాడు.

ఇంక నిన్నటి సంగతి. నువ్వు కొట్టులో విన్నావు, నేను గట్టు మీద ఉన్నాను. నేనూ రాస్తాను, సరిచూసుకో.

కప్పు పండుగ ముందు రోజే, పలకలు నిన్న తెల్లవారుజామునే దించేశారు. నిన్న పొద్దున మంచు ఎలా ఉందంటే చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. ఆ మంచులో మీ బావా ఆరుగురు మనుషులూ చీలలు కొడుతున్నారు. ఠక్, ఠక్. నేను గట్టు మీద నిలబడి గుర్తులు పిలుస్తూ, ఊడిన ప్రతి చీలనూ బుట్టలో వేస్తున్నాను. అరవై రెండు అయ్యాయి. ఆయనకు ఉత్సాహం ఎక్కువైంది, నీకు తెలుసుగా. ఒక విల్లు దూలం మీద గుర్రం ఎక్కినట్టు కూర్చొని కింది చీల మీద ఒక దెబ్బ వేశాడు.

అప్పుడు మంచులోంచి, అటు గట్టు నుంచి, చచ్చిన ఆవును లేపేంత గొంతు.

"బాల్ట్స్! ఆగు! తాడు కట్టావా?"

మీ బావ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఎవడ్రా అది?"

"గిరక చప్పుడు నాకు వినపడలేదు! తాడు బిగించకుండా ఆ చీల తీశావంటే దూలంతో పాటు బ్రెమ్‌గార్టెన్ ఊరి దాకా కొట్టుకుపోతావు, గాడిదా!"

"మూడేళ్ళ తరువాత నోరు తెరిచి నన్ను నువ్వనేది ఇదా?"

"తాడు కట్టు బావా!"

ఆ మాటతో ఆయన చెయ్యి కిందకు దిగింది. చూస్తే నిజంగానే తాడు గట్టు మీద చుట్ట చుట్టి ఉంది. మనుషులు పరుగెత్తి కట్టారు. గిరక తిప్పారు, టకటకమని.

"ఇప్పుడు వినపడిందా బామ్మర్దీ?"

"వినపడింది! ఇంకో రెండు చుట్లు!"

"నువ్వెక్కడ చచ్చావురా? నిన్న సీసా పట్టుకొని గంట నిలబడ్డాను!"

"చీజు కొట్లో!"

"అక్కడేం పని?"

"బందీని!"

"ఎవరికి?"

"మావాళ్ళకే!"

ఇక మీ బావ నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు దూలం మీంచి జారి పడబోతే ఇద్దరు కాళ్ళు పట్టుకొని ఆపారు. అంతలో మీ గట్టు మీద ప్రమాద గంట మోగింది. ఆ గంట విని మా చర్చి గంట కొట్టారు. మా గంట విని పై ఊరి వాళ్ళు కొండ మీద మంట వేశారు, ఆ మంచులో ఎవరికి కనపడాలనో. రెండు గట్లూ మంచులోకి అరగంట కాల్చుకున్నాయి. దూలం దిగిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారి చూస్తే ఒక బాతు చచ్చి ఉంది. అది ఏ సీమ బాతో తేలలేదు.

అరవై నాలుగు చీలలూ ఊడాయి. దూలాలన్నీ మన కొట్టంలో పుల్లల మీద ఉన్నాయి. మీ బావ బతికే ఉన్నాడు. నువ్వు అరవకపోతే ఉండేవాడు కాదు. ఈ మాట ఆయన కూడా ఒప్పుకున్నాడు, వీపు అటు తిప్పుకొని.

వంతెన లేదు కనుక ఈ ఉత్తరాన్ని పాల క్యానులో పెట్టి తాడుకు కట్టి మా కావలివాడు మీ సగం మీదికి విసురుతాడు. మొదటిసారి గురి తప్పితే తడిసి వస్తుంది.

వెరేనా


చీజు కొట్టు
నవంబరు 16, మంగళవారం

అక్కా,

మంచు తగ్గింది. చీజు చక్రాలు తిప్పాను. క్యాను మూడోసారికి అందిందట, కాగితం ఆరబెట్టి చదివాను.

12న ఒకసారి గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. నీ వివరం సరిగానే ఉంది. ఒక్క సవరణ, నేను గాడిద అనలేదనుకుంటాను.

కెప్టెన్ ఇప్పుడు "చీజు కొట్టు" అన్నది సంకేత పదమని అనుమానిస్తున్నారు. రోజూ వచ్చి దాని అర్థం అడుగుతున్నారు. చుట్టూ చూపిస్తున్నాను. ఆయన నమ్మడం లేదు.

ఆదివారం ఫ్రిబూర్గ్ లొంగిపోయింది. అది మీ జట్టులోదే, కాని మిగతావాటికి దూరంగా విడిగా ఉంది. మీ వాళ్ళు నది వెనక కూర్చుంటే, మా జనరల్ అసలు నది దాకా రాకుండా ముందు ఆ విడి ముక్క దగ్గరికి వెళ్ళాడు. ఊరి చుట్టూ ఎన్నో ఫిరంగులు పెట్టి, కాల్చకుండా, లొంగిపొమ్మని కబురు పెట్టాడట. ఇక్కడ మాతో చేయించినదంతా మీ దృష్టి ఇటే నిలపడానికి. పన్నెండు తెడ్లు కూడా అందుకే చెక్కించారని ఇప్పుడు తెలిసింది. ఇంక సైన్యమంతా ఇటు తిరుగుతుంది. ఈసారి మీ వంతు.

మా వడ్రంగులు పడవల వంతెన కడుతున్నారు. నేను బందీని కనుక అందులో లేను. కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బాగా లేదు.

దాటడం మొదలైనప్పుడు నువ్వు నేలమాళిగలో ఉండు. కొట్టం దగ్గరికి వెళ్ళవద్దు, దూలాలు పోతే పోనీ. బావను గట్టు మీద నిలబడనీయకు. నాకు మీరిద్దరే ఉన్నారు.

ఈ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. సిరా తక్కువగా ఉంది.

లియోంట్స్

చదివాను. అభ్యంతరం లేదు. ఈసారి రొట్టె రాలేదేం? — హిలార్


ఎర్లెన్
నవంబరు 22

తమ్ముడూ,

నిన్న మా త్సూగ్ లొంగిపోయింది. ఒక్క గుండు పేలలేదు. నేలమాళిగలో జపమాల పట్టుకొని కూర్చుంటే పైన ఎవరో తలుపు తట్టి "అమ్మా, సూప్ ఉందా?" అన్నారు. మీ వాళ్ళే, చేతికి ఎర్ర పట్టీలు. ఇరవై ముగ్గురు. నా వంటింట్లో ఉన్నారిప్పుడు. ఆక్రమణ అంటే ఇంత గిన్నెలు తోమడమని నాకు తెలియదు.

మీ బావ తుపాకి అప్పజెప్పి వచ్చి కొట్టంలో దూలాల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నేను వెళ్ళాను. ఆయన ఒడిలో ఒక పలక ఉంది. వంతెన నడుమ రెండు కప్పులూ కలిసే చోట ఉండేది చూడు, నాన్న వేసిన పలక, అది. దించేటప్పుడే చూశాడట, నాకు చెప్పలేదు. కొస నుంచి కొస దాకా చీలి ఉంది. లోపల నాచు పట్టింది. నీ పెంకులూ బాగానే ఉన్నాయట, ఆయన పెంకులూ బాగానే ఉన్నాయట. నీళ్ళు కారింది అందులోంచి. అది మీ ఇద్దరి సగాల్లో ఏ సగంలోనూ లేదు కనుక మీ ఇద్దరిలో ఎవడూ దాన్ని ఎత్తి చూడలేదు.

"వాడికి చెబుతారా?" అన్నాను.

"నువ్వు రాయి" అన్నాడు.

"మీరే చెప్పండి, గొంతుంది కదా!"

ఆయన కోటు జేబులోంచి ఒక చీల తీసి చూపించాడు. నువ్వు అరిచి ఆపినప్పుడు ఆయన కొడుతున్న చీలే. "మిగతావి అరవై మూడూ బుట్టలో ఉన్నాయి, ఎవడైనా తీసుకెళ్ళచ్చు. ఇది మాత్రం వాడు వచ్చి నా చేతిలోంచి తీసుకోవాలి" అన్నాడు.

నిన్ను విడిచిపెట్టారా? కెప్టెన్ హిలార్ గారూ, మీరు చదువుతున్నారు కదా, అయ్యా, చీజు కొట్టు అంటే చీజు కొట్టే. మా వాణ్ణి వదలండి. రొట్టె పంపుతున్నాను.

వెరేనా


మాట్‌లీ, వంతెన కాపలా గది
డిసెంబరు 11, శనివారం

అక్కా,

తెల్లవారి గడ్డ మంచు, పది గంటలకు ఎండ. పొద్దున రెండో విల్లు దూలం ఎత్తి నిలబెట్టాం.

నువ్వు మధ్యాహ్నం వస్తున్నావని తెలిసినా రాస్తున్నాను. రోజు సంగతి రాయకుండా ఉండలేను. పైగా నువ్వు ఎదురుగా ఉంటే నాకు మాట రాదు.

పోయిన నెల 25న నన్ను విడిచిపెట్టారు. లూత్సెర్న్ కూడా లొంగిపోయింది, బండ్లు వెనక్కు రావాలి, వంతెన కావాలి. నేరం ఏమిటో రాసే గడి ఖాళీగా వదిలేశారు. గిసికాన్ దగ్గర పోరులో మా వడ్రంగుల జట్టు నుంచి మెల్కియోర్ చనిపోయాడు. నేను బందీని కాకపోతే అతని పక్కన ఉండేవాణ్ణి. అతని రంపం నా దగ్గరుంది, వాళ్ళ ఇంటికి ఇవ్వాలి. ఇవాళ కూడా వెళ్ళలేకపోయాను.

మూడు వారాల యుద్ధం అంటున్నారు. చిన్నదేనట.

బావతో పని బాగానే సాగింది. మొదటి రోజు పదకొండు మాటలు. రెండో రోజు నుంచి లెక్కపెట్టడం మానేశాను. నడిమి పలక కొత్తది కోశాం, ఒకే పలక, రంపం ఒక కొస అతను, ఒక కొస నేను. దాన్ని ఎవరి సగంలో రాయాలని అడిగాడు. ఎవరి సగంలోనూ రాయవద్దన్నాను. ఇద్దరమూ ఏటా ఎత్తి చూడాలని అనుకున్నాం. మార్టిన్ పండుగ చీజు ఇచ్చాను, సారా సీసా తీసుకున్నాను, నెల ఆలస్యంగా. సీసాలో మూడో వంతు లేదు. ఆ రోజు గంటసేపు నిలబడ్డప్పుడు చలి వేసిందట.

బుట్టలోని అరవై మూడు చీలలూ బిగించాం. ఒంటి గంటకు బావ జేబులోంచి అరవై నాలుగోది తీశాడు. తీసుకోడానికి చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "నువ్వు పట్టుకో, నేను కొడతాను. లేకపోతే నేను పట్టుకుంటా, నువ్వు కొట్టు. నీ ఇష్టం" అన్నాడు. పట్టుకుంటానన్నాను. బావ సుత్తి ఎత్తితే నా వేళ్ళకు ఏమవుతుందో తెలిసే అన్నాను. అతను ఎత్తినవాడు దించి, "మీ అక్కను రానీ. తను కళ్ళారా చూడకపోతే మనమిద్దరం కలిసి కొట్టామంటే నమ్మదు" అన్నాడు. చీల రంధ్రంలో సగం దిగి ఉంది. బావ బయట పైపు కాలుస్తున్నాడు. పందుల కొట్టం దగ్గర కాదు కనుక ఊరుకున్నాను.

ఇవాళ్టి పని: విల్లు దూలం ఒకటి. అడ్డ దూలాలు ఆరు. నేల పలకలు తాత్కాలికంగా పరిచినవి ఇరవై రెండు, మనిషి నడవడానికి చాలు, బండికి చాలవు. పెంకులు ఇంకా మొదలుపెట్టలేదు. చీలలు అరవై మూడు, ఇక అరవై నాలుగోది

తూర్పు సగం మీద నీ చెక్క చెప్పుల చప్పుడు. వదులుగా ఉన్న నాలుగో పలక మీద ఆగి, దాన్ని తొక్కి చూసి, బావను ఏదో తిట్టి మళ్ళీ నడుస్తున్నావు. నడిమి స్తంభం దాటావు. నా సగం మీదికి వచ్చావు, బావ నన్ను పిలుస్తున్నాడు. అరవై నాలుగో చీల మధ్యాహ్నం రెండు గంటలకు బావ, నేను